తింగరి వేషాల వెనక గట్టి బుర్రలు

ఏమర్రా చెల్లెళ్లూ, ఇంట్లో మగవాళ్లకి ఒక్కపూట వంటిల్లు అప్పజెబితే ఏమవుతుంది? మనకి తెలియందేముంది గానీ, అమెరికా వాళ్లు 1952 సెప్టెంబరులో ఆ వైభోగాన్ని టీవీలో చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. 'ఐ లవ్ లూసీ' అనే హాస్య ధారావాహికలో ఒక భాగం అది. సంపాదించడం ఎంత కష్టమో మీకేం తెలుసని మొగుళ్లు, ఇల్లు నడపడం మీకేం తెలుసని పెళ్లాలు మాటా మాటా అనుకుని, ఓ వారం పనులు మార్చుకుంటారు. లూసీ మొగుడు రిక్కీ, పొరుగింటి ఫ్రెడ్ కలిసి కోడికూర, అన్నం వండబోతారు. బియ్యం ఎంత పొయ్యాలి? మనిషికో పౌను చాలదూ అనుకుంటారు. పౌనంటే అరకిలోకి కాస్త తక్కువ. అంటే నలుగురికి దాదాపు రెండు కిలోలు! ఆ తర్వాత అన్నం మూతను లేపుకుని, గిన్నె దాటి, పొయ్యి మీదుగా పొర్లి నేల మీదికొస్తుంది. మగాళ్లిద్దరూ దాన్ని ఆపలేక జారిపడుతూ లేస్తూ ఉంటారు. ఎసరు లెక్క తెలిసినవాళ్లకి ఆ దృశ్యం ఇచ్చే తృప్తి అంతా ఇంతా కాదు.

అక్కడ లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ చాక్లెట్ల ఫ్యాక్టరీలో చేరారు. బెల్టు మీద చాక్లెట్లు వరసగా వస్తుంటాయి, ఒక్కోదానికీ కాగితం చుట్టి వదలాలి. ఒక్కటి చుట్టకుండా జారిపోయినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజరమ్మ ముందే హెచ్చరించింది. మొదట బాగానే సాగుతుంది. బెల్టు వేగం అందుకునేసరికి చుట్టలేక, వదల్లేక, మిగిలినవి నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్లో పోసుకుంటారు. సూపర్‌వైజరమ్మ వచ్చి చూస్తే బెల్టు ఖాళీ. ఆహా, ఎంత పనిమంతులో అని మురిసిపోయి, వేగం ఇంకా పెంచమని లోపలికి కేకేస్తుంది! పని చక్కగా చేసే ఆడమనిషి నెత్తిన ఇంకాస్త పని పెట్టడం అనే లోకరీతి మీద ఇంతకంటే చురుకైన హాస్యం నేనింకా చూడలేదు. చివరికి రెండు జట్లూ ఓటమి ఒప్పుకుంటాయి. మొగుళ్లు మెచ్చుకోలుగా తెచ్చిచ్చే కానుకేమిటో తెలుసా? చెరో ఐదు పౌన్ల చాక్లెట్ల పెట్టె.

ఇవన్నీ చూసి కొందరు పెదవి విరుస్తారు. ప్రతి వారం లూసీ గడప దాటి ఏదో సాధించబోతుంది, నవ్వులపాలై ఇంటికొస్తుంది, మొగుడు క్షమిస్తాడు. ఇది ఆడవాళ్లని వంటింట్లోనే కూర్చోమని చెప్పడం కాదా అని. సగం నిజమే, నేనూ ఒప్పుకుంటా. లూసీ నెలవారీ ఖర్చుల కోసం రిక్కీని బతిమాలే సన్నివేశాలు ఈ రోజు చూస్తే చిరాకేస్తుంది. అయితే తెర మీద ఏం జరిగిందన్న దగ్గరే ఆగిపోతే అసలు కథ తెలియదు. ఆ రోజుల్లో ఆడవాళ్లు ముందుండి నవ్వించిన టీవీ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి నేను చూసేది ఒక్కటే: రాసే కాగితం ఎవరి చేతిలో ఉంది, తీసిన రీలు ఎవరి బీరువాలో ఉంది. ఎవరు నిలిచారు, ఎవరు కొట్టుకుపోయారు అన్నది చాలామటుకు అక్కడే తేలిపోయింది.

ముందు కాగితం సంగతి. లూసీ కథలు మొదట రాసిన ముగ్గురిలో మాడ్లిన్ ప్యూ అనే అమ్మాయి ఉంది. మిగతా ఇద్దరూ మగవాళ్లు, బాబ్ కారల్, జెస్ ఆపెన్‌హైమర్. లూసీ పడే పాట్లన్నిటినీ, ఎక్కడ తూలాలి, ఎటు చూడాలి, ఏ చేత్తో పట్టుకోవాలి అన్నంత వివరంగా స్క్రిప్టులో పెద్దక్షరాలతో టైపు చేసేవారు. ఆడమనిషి ఆ విన్యాసం నిజంగా చెయ్యగలదా అన్న అనుమానం వస్తే మాడ్లినే ముందు చేసి చూసేది. ఓసారి ఒంటి చక్రం సైకిలెక్కి తిన్నగా వెళ్లి గోడకి గుద్దుకుంది. దాంతో ఆ సన్నివేశం తీసేశారు. లూసీగా వేసిన లూసిల్ బాల్ మాత్రం కాగితం మీదున్నదాన్ని నూటికి నూరుపాళ్లు చేసేది. ఆ తింగరితనం ఏదీ అప్పటికప్పుడు తోచి చేసింది కాదు, రిహార్సల్లో అరగదీసి తెచ్చుకున్నది. బలం టానిక్కు ప్రకటనలో నటించబోయి, అందులో నూటికి 23 పాళ్లు మద్యం ఉందని తెలియక, ఒక్కో రిహార్సల్‌కీ ఒక్కో చెంచా మింగుతూ మాట ముద్దయిపోయే భాగం ఒకటుంది, 1952 మే నెలది. అందులో నాలుక ఎంతెంత మడత పడాలో మెట్టుమెట్టుగా లెక్కేసుకుని చేసింది చూడండి, ఏ ఒక్క మెట్టూ దాటెయ్యలేదు.

ఇక రీలు. 1951లో ఈ కార్యక్రమం మొదలయ్యేనాటికి లూసిల్‌కి 40 ఏళ్లు, చేతిలో మూడు నెలల పసిపిల్ల. సినిమాల్లో ఉన్నా పెద్ద తారేం కాదు. రేడియోలో భార్య పాత్రతో పేరొచ్చింది, అదే టీవీకి తెద్దామని సీబీఎస్ ప్రసార సంస్థ అడిగింది. నా సొంత మొగుడే మొగుడి వేషం వెయ్యాలని ఈవిడ పట్టు. ఆయన దేసీ అర్నాజ్, క్యూబా నుంచి వచ్చిన సంగీతకారుడు, ఇంగ్లీషు యాసగా ఉంటుంది. అమెరికా అమ్మాయికి క్యూబా మొగుడంటే జనం నమ్మరన్నారు పెద్దలు. సరే చూద్దామని మొగుడూ పెళ్లాలు 1950లో ఊరూరా తిరిగి రంగస్థలం మీద ఆ జంట వేషమే వేసి, జనం నవ్వుతున్నారని రుజువు చేసుకొచ్చారు. 'మన పెళ్లి నిజంగా జరిగిందే కదా, నమ్మకపోవడమేమిటి' అని కూర్చుని వాదిస్తే ఆ పెద్దలు వినేవారంటారా?

తర్వాత ఇంకో పేచీ. అప్పట్లో కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్కు నుంచి నేరుగా ప్రసారమయ్యేవి. మిగతా ఊళ్ల కోసం టీవీ తెరకెదురుగా కెమెరా పెట్టి ఫిల్ము తీసేవారు. కినిస్కోప్ అంటారు దాన్ని, మొహాలు మసకమసకగా పడేవి. లూసిల్ దంపతులు కాలిఫోర్నియా వదిలేది లేదన్నారు. అయితే అక్కడే మంచి 35 ఎంఎం ఫిల్ము మీద, మూడు కెమెరాలతో, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీస్తామన్నారు. ఖర్చెక్కువ అంటే మా జీతం కొంత తగ్గించుకుంటాం, ఫిల్ము మాత్రం మాది అన్నారు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారనుకున్నారో ఏమో, అవతలివాళ్లు సరేనన్నారు. వెలుతురు సంగతి చూడటానికి, జర్మనీలో 'మెట్రొపొలిస్' తీసినప్పుడు కెమెరా పట్టిన కార్ల్ ఫ్రోయిండ్ వచ్చాడు. మూడు కెమెరాలూ ఒకేసారి తిరుగుతుంటే ఎటునుంచీ నీడ పడకుండా దీపాలు అమర్చింది ఆయనే. ఆ రీళ్లు పాడవకుండా మిగిలాయి, మళ్లీ మళ్లీ ప్రసారమయ్యాయి, డబ్బులు కురిపించాయి. 1962లో, విడాకులయ్యాక, లూసిల్ మొగుడి వాటా కొనేసి డెసిలూ స్టూడియోకి తనే అధ్యక్షురాలైంది. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' ధారావాహికలు తీసింది ఆ స్టూడియోనే. తెర మీద చేతి ఖర్చులకి మొగుణ్ని బతిమాలిన లూసీయేనర్రా ఈవిడ!

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. లూసీకంటే ముందొక మోలీ ఉంది, ఆవిణ్ని మర్చిపోయారన్నదే నా బాధ.

గెర్ట్రూడ్ బెర్గ్ అని న్యూయార్కు యూదుల అమ్మాయి. నాన్న కొండల్లో వేసవి విడిది హోటలు నడిపేవాడు. వాన పడి అతిథులు బయటికి వెళ్లలేక విసుక్కుంటుంటే ఈ పిల్ల చిన్న చిన్న నాటికలు రాసి వినోదపరిచేదట. పెళ్లయ్యాక రేడియో కోసం ఓ కుటుంబ కథ రాసింది. స్క్రిప్టు చేతిరాతలో ఉంది, చదివే అధికారికి అక్షరం బోధపడక, నువ్వే చదివి వినిపించమన్నాడట. చదివింది. కథతో పాటు మోలీ వేషం కూడా ఆవిడకే ఇచ్చారని చెబుతారు. కావాలనే కలగాపులగంగా రాసిందేమోనని నా అనుమానం. 1929 నవంబరు 20న, షేర్ మార్కెట్ కూలి నెల తిరక్కముందే, ఆ కథ ఎన్‌బీసీ రేడియోలో మొదలైంది. వేల కొద్దీ స్క్రిప్టులు తనే రాసింది, తనే నిర్మించింది, మోలీ గోల్డ్‌బర్గ్‌గా తనే పలికింది. 1949 జనవరిలో అదే సంసారాన్ని సీబీఎస్ టీవీకి తెచ్చింది. అప్పటికి అమెరికా జనంలో చాలామంది ఇళ్లలో టీవీయే లేదు.

మోలీ ఎలాంటి మనిషంటే, బ్రాంక్స్‌లో 1038 ఈస్ట్ ట్రెమాంట్ అవెన్యూ అనే అద్దె ఇళ్ల మేడలో కిటికీ దగ్గర నిలబడి, అవతలి కిటికీలోని బ్లూమ్ గారి భార్యని 'యూహూ' అని గొంతెత్తి పిలుస్తుంది. ఇంగ్లీషు మాటలు అటూ ఇటూ అవుతుంటాయి. ఎవరింట్లో ఏ గొడవొచ్చినా తలదూరుస్తుంది, తిండి పెట్టకుండా ఎవర్నీ పంపదు. ఈవిణ్ని చూస్తే మా పాత వీధిలో పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి నాలుగిళ్ల కబుర్లూ చెప్పే పిన్నిగారే నాకు కళ్ల ముందు కదులుతారు. అసలు బెర్గ్ మాత్రం పార్క్ అవెన్యూలో ఉండే దర్జా మనిషి, ఇంగ్లీషు తొణక్కుండా మాట్లాడేది, యాస అంతా వేషంలో భాగమే.

ఆ కిటికీలోనే ఇంకో సంగతి చూడండి. కార్యక్రమం మొదలవగానే మోలీ కిటికీలోంచి తిన్నగా మనతోనే మాట్లాడుతుంది. సాంకా అని కెఫీన్ తీసేసిన కాఫీ, దాన్ని తాగితే హాయిగా నిద్ర పడుతుందని చెబుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోతుంది, కథ మొదలైపోతుంది. ప్రకటన ఎక్కడ ఆగిందో, కాపురం ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు. ఎంత నేర్పు! అయితే ఆ కిటికీ అద్దె కట్టేది కాఫీ కంపెనీ జనరల్ ఫుడ్స్ అన్నమాట. ఆ సంగతి తర్వాత బయటపడింది.

నవ్వుల కథ అన్నాను గానీ ఆవిడ ధైర్యం మామూలుది కాదు. 1939 ఏప్రిల్‌లో, జర్మనీలో యూదుల ఇళ్లూ దుకాణాలూ పగలగొట్టిన కొన్ని నెలలకే, గోల్డ్‌బర్గ్ కుటుంబం పండగ భోజనానికి కూర్చున్న భాగం రేడియోలో వచ్చింది. మధ్యలో కిటికీ అద్దం పగిలి రాయి లోపల పడిన శబ్దం. మోలీ పిల్లల్ని ఊరడించి పండగ కొనసాగిస్తుంది. కుటుంబ హాస్యంలో ఆ ఒక్క శబ్దం పెట్టడానికి ఎంత గుండె కావాలి!

1951 జనవరిలో ఉత్తమ నటికి ఎమ్మీ బహుమతి మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు అది బెర్గ్‌కే వచ్చింది. అదే ఏడాది కార్యక్రమం కూలింది. మోలీ భర్తగా వేసే ఫిలిప్ లోబ్ నటుల సంఘంలో గట్టిగా పనిచేసిన మనిషి. 1950 జూన్‌లో 'రెడ్ ఛానెల్స్' అనే పుస్తకం వచ్చింది, రేడియోలో టీవీలో ఉన్న కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ 151 మంది పేర్లు అచ్చేశారు. అందులో లోబ్ ఉన్నాడు. తాను కమ్యూనిస్టును కానని ఆయన మొత్తుకున్నా వినేదెవరు? తీసెయ్యమంది కాఫీ కంపెనీ. తియ్యనంది బెర్గ్. చాలాకాలం గట్టిగానే నిలబడింది. చివరికి 1951 జూన్‌లో సీబీఎస్‌లో గోల్డ్‌బర్గ్‌ల ఇల్లు మూతపడింది. మరుసటేడు ఎన్‌బీసీలో మళ్లీ తెరిచారు, లోబ్ లేకుండా. ఆయన్ని వదులుకోక తప్పని స్థితికి ఆవిణ్ని తెచ్చారు. జబ్బు మనిషైన కొడుకు వైద్యానికి లోబ్‌కి డబ్బు కావాలి, పని ఇచ్చేవాడు లేడు. 1955 సెప్టెంబరు 1న న్యూయార్కు హోటల్ గదిలో లోబ్ ప్రాణం తీసుకున్నాడు.

ఆ 1951లోనే, అదే సీబీఎస్‌లో, అదే సోమవారం రాత్రుల్లో అక్టోబరు 15న మొదలైంది 'ఐ లవ్ లూసీ'.

1953లో లూసీకీ ఆ గండం వచ్చింది. 1936లో ఓటరుగా నమోదైనప్పుడు కమ్యూనిస్టు పార్టీ అని రాయించిందని బయటపెట్టారు. తాతగారి మాట కాదనలేక చేశానంది. దేసీ షూటింగుకి వచ్చిన జనం ముందు నిలబడి, మా ఆవిడలో ఎరుపంటూ ఉంటే జుట్టొక్కటే, అదీ రంగేసిందే అని నవ్వించాడు. కమ్యూనిస్టుల మీద విచారణ జరిపే కమిటీ వదిలేసింది, సిగరెట్ల కంపెనీ స్పాన్సరు వెనక్కి తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? ఆ ఏడాది మొదట్లోనే 80 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు, దేశంలో అందరికంటే ఎక్కువమంది చూసే కార్యక్రమం అది. లోబ్ అమాయకత్వం కంటే లూసీ అమాయకత్వం ఎక్కువేమీ కాదర్రా. వెనక ఉన్న సొమ్ము ఎక్కువ.

కాన్పు ముచ్చట కూడా చెప్పాలి. లూసిల్ నిజంగా గర్భవతి అయితే కథలో లూసీకీ కడుపు పెట్టారు. ఆ మాట మాత్రం పలకడానికి వీల్లేదన్నారు, దాని బదులు మరో మెత్తని మాట వాడారు. స్క్రిప్టులు ఒక కేథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంటు పాస్టరు, ఒక యూదు రబ్బై చూసి బాగుందన్నాకే కెమెరా ముందుకెళ్లాయి. కడుపు సంగతి తేల్చడానికి ముగ్గురు మగాళ్లు! 1953 జనవరి 19న తెర మీద లూసీ ఆసుపత్రికెళ్లిన రోజే లూసిల్‌కి సిజేరియన్‌తో కొడుకు పుట్టాడు. సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారంటారు. మర్నాడు ఐసన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే చూసినవాళ్లు అంతకంటే తక్కువ. అయితే టీవీలో మొదటి గర్భిణి లూసీ అని రాసేవాళ్లని నమ్మకండి. 1947లో మొదలైన 'మేరీ కే అండ్ జానీ'లో నిజ జీవితంలోనూ దంపతులైన ఇద్దరు నటించారు. 1948లో మేరీ కే కడుపుతో ఉంటే అదీ కథలో కలిపేశారు, పుట్టిన బాబుని కొన్ని వారాలకే తెర మీద చూపించారు. అవన్నీ నేరుగా ప్రసారాలు, రీళ్లు దాదాపు మిగల్లేదు. అందుకే ఆ పేరు ఎవరికీ గుర్తులేదు.

కాగితమూ రీలూ ఏదీ చేతిలో లేని ఆడదాని కథ 'బ్యూలా'. తెల్లవాళ్లింట్లో నల్లజాతి పనిమనిషి, వాళ్ల చిక్కులన్నీ తనే తీరుస్తుంది. రేడియోలో ఈ పాత్రకి మొదట గొంతిచ్చింది ఎవరనుకున్నారు? మార్లిన్ హర్ట్ అనే తెల్ల మగవాడు! నల్లజాతి స్త్రీ కష్టసుఖాలకి ఆయనా గొంతు. 1947లో హాటీ మెక్‌డేనియల్‌కి ఆ మైకు దక్కింది. 'గాన్ విత్ ద విండ్'కి ఆస్కార్ గెలిచినావిడ. 1950 అక్టోబరులో ఏబీసీ టీవీకి వచ్చినప్పుడు ఎథెల్ వాటర్స్ వేసింది. నల్లజాతి నటి ముఖ్యపాత్రగా వచ్చిన తొలి టీవీ హాస్యకథ అదే. తర్వాత మెక్‌డేనియల్ వచ్చి కొద్ది భాగాలు చేసి జబ్బు పడింది, ఆ పైన లూయీస్ బీవర్స్. మనిషి మారినా పాత్ర మారలేదు, రాసేవాళ్లు వేరే కదా. నల్లవాళ్లని ఇలా చూపిస్తారా అని నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ 1951లో నిరసన తెలిపింది. ఆ కోపం న్యాయమైనదే. నటీమణుల బాధా న్యాయమైనదే. పనిమనిషి వేషం వేస్తే వారానికి 700 డాలర్లు, నిజంగా పనిమనిషినైతే 7 అని మెక్‌డేనియల్ అన్నట్టు చెప్పుకుంటారు. ఆ లెక్కకి మనం ఏం జవాబు చెప్పగలం?

మిగతావాళ్లని గబగబా తలుచుకుంటా. గ్రేసీ ఆలెన్ మొగుడు జార్జ్ బర్న్స్‌తో 1950 నుంచి 58 దాకా అడ్డదిడ్డపు తర్కంతో అందర్నీ గిరగిర తిప్పింది. ఎదుటివాడికి పిచ్చెక్కుతుంది గానీ ఆవిడ లెక్కలో ఆవిడ కరెక్టు. ఈవ్ ఆర్డెన్ 'అవర్ మిస్ బ్రూక్స్'లో పెళ్లికాని ఇంగ్లీషు టీచరు, నాలుక మహా పదును. నిజం టీచర్లు ఆవిడకి ఉత్తరాలు రాసేవారు, కొన్ని బడులు ఉద్యోగమిస్తామన్నాయట. బెట్టీ వైట్ ముప్పై ఏళ్ల వయసులో, ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉంటూ, ఇద్దరు భాగస్వాములతో కంపెనీ పెట్టి 'లైఫ్ విత్ ఎలిజబెత్' తీసింది. 1954లో ఆమె మరో కార్యక్రమంలో ఆర్థర్ డంకన్ అనే నల్లజాతి డాన్సరు వస్తుంటే, తీసెయ్యకపోతే మా ఊళ్లలో ప్రసారం చెయ్యమని దక్షిణాది స్టేషన్లు బెదిరించాయి. సారీ, సర్దుకోండి అని చెప్పి అతనికి ఇంకాస్త ఎక్కువ సమయమిచ్చింది. ఆ కార్యక్రమం ఏడాది తిరక్కుండా ఆగిపోయింది, అది వేరే సంగతి. 

అన్నట్టు లూసీ స్నేహితురాలు ఎథెల్ సంగతి చెప్పకుండా లేస్తే పాపం తగుల్తుంది. ఆ పాత్ర వేసిన వివియన్ వాన్స్ లూసిల్ కంటే రెండేళ్లే పెద్ద. మొగుడు ఫ్రెడ్‌గా కట్టబెట్టిన విలియం ఫ్రాలీ మాత్రం వాన్స్ కంటే 22 ఏళ్లు పెద్ద. ఆయన్ని చూస్తే ఆవిడకి పడదు, ఆవిడంటే ఆయనకీ పడదు. అయినా చెయ్యాల్సింది చేసి 1954లో ఎమ్మీ గెలిచింది. వీధిలో కనపడితే అందరూ ఎథెల్ అనే పిలిచేవారు. 1962లో లూసిల్ కొత్త కార్యక్రమం మొదలుపెడుతూ, ఈసారి మొగుళ్లు లేరు, నేను వితంతువుని, నువ్వు విడాకులు తీసుకున్నదానివి, పిల్లలతో ఒకే ఇంట్లో ఉంటామని రమ్మంది. వాన్స్ షరతులు పెట్టింది. నాకు మంచి బట్టలు వెయ్యాలి, పాత్ర పేరు వివియన్ అని ఉండాలి. రెండూ ఒప్పుకున్నాకే సంతకం చేసింది.